బీటెక్ చదివి గొర్రెల వెంట!

"సదువకపోతే బర్లు కాసుకుంటవ్ బిడ్డా!"

ఈ మాట వినకుండా పదో తరగతి పాసైనవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. మా బాపు నోట వారానికి రెండుసార్లయినా వచ్చేది. ఆంధ్రా ఫ్రెండ్స్‌ని అడిగితే అక్కడా ఇదేనట, బర్ల బదులు గేదెలు వస్తాయంతే. ఆ భయంతోనే చదివా, ఎంసెట్ రాశా, బీటెక్ చేశా, హైదరాబాద్ వచ్చి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నయ్యా.

అందుకే పోయినేడాది ఉద్యోగం పోయి కూకట్‌పల్లి రూమ్‌లో ఖాళీగా కూర్చున్నప్పుడు, రూమ్మేట్ షెల్ఫ్‌లో దొరికిన ఒక నవల కథేంటో తెలిసి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. బీటెక్ చదివి, ఇంటర్వ్యూల్లో నెగ్గలేక, గొర్రెల మందతో అడవికి వెళ్ళిన కుర్రాడి కథ. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి రాసిన 'కొండపొలం'. దాని దగ్గరికి వస్తా. కానీ నేను దాన్ని చేరింది వేరే దారిలో, ముందు ఆ దారి చెప్పాలి.

ఖాళీగా ఉన్న ఆ ఐదు నెలల్లో చూసినవీ చదివినవీ చాలానే ఉన్నాయి. సగం గుర్తు కూడా లేవు. ఒకటిన్నర స్పీడ్‌లో లాగించేసిన ఒక కొరియన్ సిరీస్‌లో హీరో పేరు ఇప్పుడు అడిగితే చెప్పలేను. గుర్తుండిపోయినవి రెండు నవలలు, రెండు సిరీస్‌లు, ఒక రీమేక్. ఇది రివ్యూ కాదు, స్టార్లు ఇవ్వను. కథలు మాత్రం కొంచెం బయటపడతాయి, ముందే చెప్తున్నా.

జూలైలో ప్రాజెక్టు అయిపోయింది. బెంచ్ మీద కొన్నాళ్ళు కూర్చోబెట్టారు. తర్వాత ఒక రోజు క్యాలెండర్‌లో పదిహేను నిమిషాల మీటింగ్ ప్రత్యక్షమైంది. ఐటీలో ఉన్నవాళ్ళకి ఆ మీటింగ్‌లో ఏం మాట్లాడతారో చెప్పక్కర్లేదు. ఇంట్లో చెప్పలేదు. అమ్మ సాయంత్రం వీడియో కాల్ చేసే టైముకి పైన ఫార్మల్ షర్ట్ వేసుకునేవాణ్ణి, కింద షార్ట్స్. "ఇప్పుడే మీటింగ్ అయింది అమ్మా" అని రోజూ అబద్ధం.

'సెవెరెన్స్' చూడటం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. నిజం చెప్పాలంటే పేరు చూసి మోసపోయా. సెవెరెన్స్ అంటే మనకి గుర్తొచ్చేది ఉద్యోగం తీసేస్తూ కంపెనీ చేతిలో పెట్టే డబ్బులే కదా. కథ దాని గురించి కాదు. లూమన్ అనే కంపెనీలో ఒక ఫ్లోర్‌లో పనిచేయాలంటే మెదడులో చిన్న చిప్ పెట్టించుకోవాలి. లిఫ్ట్ కిందికి దిగగానే ఇల్లు, పెళ్ళాం, పిల్లలు ఏవీ గుర్తుండవు. సాయంత్రం పైకి రాగానే ఆఫీసులో ఏం జరిగిందో గుర్తుండదు. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు. లోపలి మనిషికి ఆదివారం అంటే ఏంటో తెలియదు, ఎందుకంటే అతనికి ఒక లిఫ్ట్ తలుపు మూసుకుంటే ఇంకో పని రోజు తెరుచుకుంటుంది. హీరో మార్క్ అందులో చేరింది భార్య పోయిన బాధని రోజుకి ఎనిమిది గంటలైనా మర్చిపోదామని.

వాళ్ళు చేసే పని ఏంటంటే, స్క్రీన్ మీద కదిలే అంకెల్లో చూడగానే భయం పుట్టించేవాటిని ఏరి డబ్బాల్లో వెయ్యడం. ఎందుకో వాళ్ళకి తెలియదు. నాకు ఇది సైన్స్ ఫిక్షన్‌లా అనిపించలేదు. మూడేళ్ళు నేను రాసిన కోడ్ ఎక్కడో సముద్రాల అవతల ఏ క్లర్కు స్క్రీన్ మీద ఏ గడిలో కనపడుతుందో నాకూ తెలియదు. ఈ కథ రాసిన డాన్ ఎరిక్సన్ ఒకప్పుడు తలుపులు తయారుచేసే కంపెనీలో ఆఫీసు పని చేస్తూ, ఈ గంటలన్నీ నాకు తెలియకుండా గడిచిపోతే బాగుండు అనుకునేవాడట. ఆ ఊహలోంచే ఈ సిరీస్ పుట్టింది.

అందులో ఒక సీన్ నన్ను చాలాసేపు వదల్లేదు. డిలన్ అనే ఉద్యోగికి కంపెనీ ఇచ్చే బహుమతులంటే మహా మోజు. బొమ్మ పోర్ట్రెయిట్లు, వాఫిల్ పార్టీ, పిల్లలాడుకునే వేళ్ళ గొట్టాలు. వాటి లెక్కలు చెప్పి గొప్పలు పోతుంటాడు. ఒకరోజు కంపెనీవాళ్ళు ఏదో సమాచారం కావాలని అతని ఇంట్లోనే 'ఆఫీసు డిలన్'ని నిద్రలేపుతారు. ఆ కాస్తసేపట్లో ఒక చిన్న పిల్లాడు లోపలికి పరిగెత్తుకొచ్చి కౌగిలించుకుంటాడు. తనకొక కొడుకున్నాడని ఆ మనిషికి తెలియడం అదే మొదటిసారి. మర్నాడు ఆఫీసులో ఏ బహుమతీ అతనికి కనపడదు. నా డ్రాయర్‌లో 'స్టార్ ఆఫ్ ది మంత్' సర్టిఫికెట్లు నాలుగున్నాయి. ల్యామినేషన్ కూడా చేయించి ఇచ్చారు. ఆ రాత్రి వాటిని తీసి చూసుకున్నా, ఎందుకో.

2022లో వచ్చిన మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లు. నా లెక్కలో చివరిది ఈ మధ్య టీవీలో వచ్చిన అన్నిటికంటే గట్టి ఎపిసోడ్. 2025 సీజన్ చూడ్డానికి ఇంకా అందంగా ఉంది కానీ, ముడులు విప్పడం కంటే కొత్త ముడులు వెయ్యడం ఎక్కువైంది. అన్నట్టు, ఆ ఆఫీసులో మేకపిల్లల్ని పెంచే గది కూడా ఒకటుంది. చదువుకున్నా కాపలా తప్పదన్నమాట.

సిరీస్ చూస్తున్నంతసేపూ నన్ను తొలిచింది మాత్రం నా షర్టు సంగతే. చిప్పు లేకుండానే నేనూ రెండు ముక్కలయ్యా. అమ్మకి కనపడే ఉద్యోగస్తుడు ఒకడు, కెమెరా కట్టేశాక మిగిలేవాడు ఇంకొకడు.

'సెవెరెన్స్' చలి తర్వాత కొంచెం ఎండ కావాలనిపించి 'పంచాయత్' పెట్టా. 2020లో మొదటి సీజన్ వచ్చినప్పుడు అందరూ చూస్తున్నారని నేను చూడలేదు, అదో పిచ్చి. అభిషేక్ త్రిపాఠీ ఇంజినీరింగ్ చదివాడు. మంచి ఉద్యోగం దొరక్క, ఉత్తరప్రదేశ్‌లో ఫులేరా అనే పల్లెలో నెలకి ఇరవై వేల జీతానికి పంచాయతీ కార్యదర్శిగా చేరతాడు. ఆఫీసులోనే గది. రాత్రి క్యాట్ పరీక్షకి చదువు. మొదటి రోజే ఆఫీసు తాళంచెవి పోతుంది. ఆ తాళం తెరవడానికే ఎపిసోడ్ అయిపోతుంది.

ఇందులో నాకు నచ్చింది ఒకటే. ఊరు అతన్ని మార్చెయ్యదు. మన సినిమాల్లో అయితే సిటీ కుర్రాడు ఇంటర్వెల్‌కల్లా మట్టి వాసన పీల్చి, నాగలి పట్టి, ఊళ్ళోనే ఉండిపోతానంటాడు. అభిషేక్ అలా కాదు. ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ ఇక్కడి నుంచి ఎప్పుడు బయటపడతానా అనే చూస్తాడు. చిరాకు పడతాడు. డబ్బు పెట్టి ఒక చక్రాల కుర్చీ కొనుక్కుంటాడు, పెళ్ళికొచ్చిన వరుడు దాని మీద కన్నేస్తాడు. మొదటి సీజన్ చివర క్యాట్‌లో సరైన మార్కులు రావు. ఈలోపు వికాస్, ప్రహ్లాద్, ప్రధాన్‌గారి భర్త అతనికి తెలియకుండానే అతని మనుషులైపోతారు. ఆ 'తెలియకుండానే' అనేదాన్ని రాయడం చాలా కష్టం. రచయిత చందన్ కుమార్ దాన్ని డైలాగుల్లో చెప్పడు. సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని సొరకాయ గురించి మాట్లాడుకుంటుంటే మనకే తెలుస్తుంది.

రెండో సీజన్ చివర ప్రహ్లాద్ ఇంట్లో జరిగేది చెప్పను. చూసినవాళ్ళకి తెలుసు. అంతదాకా నవ్వించిన ఫైజల్ మాలిక్ ఆ తర్వాత గోడకానుకుని ఊరికే కూర్చుంటాడు, అంతే. మూడు, నాలుగు సీజన్లలో ఎన్నికల గొడవలు సాగదీశారు, నాలుగోది పూర్తి చేయడానికి నాకు పది రోజులు పట్టింది.

బతుకమ్మకి ఊరెళ్ళా. జగిత్యాల దగ్గర మా ఊరు. మా బాపు ఎంపీడీవో ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. హిందీ రాదు. అందుకని 'పంచాయత్' తెలుగు రీమేక్ 'సివరపల్లి' పెట్టా. 2025 జనవరిలో ప్రైమ్‌లో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. 'సినిమా బండి'లో మరిడేష్ బాబుగా చేసిన రాగ్ మయూర్ ఇందులో కార్యదర్శి శ్యామ్. హిందీలో హీరో కల క్యాట్ అయితే ఇక్కడ శ్యామ్ కల అమెరికా. ఆ ఒక్క మార్పు చాలు ఇది తెలుగు కథ అవ్వడానికి. మన దగ్గర బీటెక్ ఫైనలియర్ క్లాసులో సగం మంది కల అదే కదా.

అసలుది చూసినవాళ్ళకి రీమేక్‌లో ఆశ్చర్యాలు తక్కువ. చాలా సీన్లు ముందే తెలిసిపోతాయి. కానీ ఆ మాటలు తెలంగాణ పల్లె నోట వినడం వేరు. మా బాపు రెండో ఎపిసోడ్ నుంచే లేచి వాదించడం మొదలుపెట్టాడు.

"సెక్రెటరీకి గింత తీరిక ఏడిదిరా? ఇంటి పన్ను ఎవడు వసూలు జేస్తడు? నర్సరీల మొక్కలెన్ని సచ్చినయో లెక్క ఎవడు రాస్తడు? మోరీలు, వీధి లైట్లు, ట్రాక్టర్ డీజిలు... ఈ పిలగాడు ఉత్తగ కూసుంటుండు!"

సర్పంచ్ ఆమె అయితే పెత్తనం భర్త చేయడం చూసి మాత్రం వాదించలేదు. "గిది మాత్రం నిజం" అన్నాడు. మన రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే. సంతకం ఆమెది, కుర్చీ ఆయనది అనే కథలు మా బాపు దగ్గర ఒక సీజన్‌కి సరిపడా ఉన్నాయి. హిందీ మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో నీనా గుప్తా చేసిన మంజూదేవి రిపబ్లిక్ డే నాడు జెండా ఎగరెయ్యడానికి జాతీయగీతం నేర్చుకుంటుందని చెప్తే, ఆ ఒక్క ఎపిసోడ్ హిందీలోనే పెట్టించుకుని చూశాడు. అర్థం కాకపోయినా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఐదో ఎపిసోడ్ నడుస్తుండగా, అమ్మ వాకిట్లో తంగేడు పూలు సర్దుతుండగా, చెప్పేశా. "బాపూ, నా జాబ్ పోయింది. రెండు నెలలు దాటింది."

రిమోట్ తీసుకుని ఆపాడు. టీవీ వైపే చూస్తున్నాడు.

"కిరాయి ఎట్ల కడుతున్నవ్ మరి?"

"పోయేటప్పుడు కొన్ని పైసలిచ్చిన్రు."

"ఎన్ని నెలలకొస్తయ్?"

"డిసెంబర్ దాకా."

కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నన్ను పర్మినెంట్ జేసేదాక ఏడేండ్లు ఎన్ఎంఆర్ కింద జేసిన. నువ్వు పుట్టినప్పుడు గూడ ఎన్ఎంఆరే. మీ అమ్మమ్మోళ్ళకు పర్మినెంటని చెప్పి పెండ్లి జేసుకున్న" అన్నాడు. ఎన్ఎంఆర్ అంటే రోజుకూలీ లెక్కన మస్టర్ రోల్‌లో పేరు రాసి పని చేయించుకోవడం. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చిన నాకు ఈ సంగతి అప్పుడే తెలిసింది. అంటే మా ఇంట్లో పైన షర్టు, కింద షార్ట్స్ నాతో మొదలవ్వలేదు.

"అమ్మకు పండుగైనంక నేను చెప్త. ఆ తర్వాతది పెట్టు" అన్నాడు.

హైదరాబాద్ తిరిగొచ్చాక రెండు ఆఫర్లు వచ్చాయి. రెండూ పాత జీతం కంటే ముప్ఫై శాతం తక్కువ. రెండూ వద్దన్నా. 'ప్యాకేజీ ఒకసారి తగ్గితే మళ్ళీ పెరగదు బ్రో' అనేది ఐటీలో భగవద్గీత. 'కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి' అనే సామెత ఉన్నా, నాకున్నది కొండ కాదు, చిన్న గుట్ట.

అప్పుడు చదివా గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'. 1940లలో వచ్చిన నవల. తెలుగులో మనస్తత్వం మీద వచ్చిన తొలి నవలల్లో ఒకటిగా చెప్తారు. పాఠ్యపుస్తకాల్లో పేరు చూసి, ముసలివాళ్ళ పుస్తకం అనుకుని పక్కనపెట్టినవాణ్ణి. సీతారామారావుకి తండ్రి నుంచి ఆస్తితోపాటు వంశ ప్రతిష్ఠ అనే బరువు కూడా వస్తుంది. ఆస్తి కరిగిపోతుంది, బరువు మాత్రం తగ్గదు. దాన్ని దించుకుని ఒక మామూలు మనిషిలా బతకడం అతనికి చేతకాదు. చేతకానితనానికి ప్రతిసారీ ఒక సిద్ధాంతం తయారుచేసుకుంటాడు. లోకం చెడ్డది, మనుషులు చిన్నవాళ్ళు, నన్నెవరూ అర్థం చేసుకోరు. మధ్యలో నాలుగైదుసార్లు పుస్తకం విసిరేద్దామనిపించింది. అతని మీద కోపంతో కాదు. అతని వాదనలు నా చాట్ విండోలో నేను ఫ్రెండ్స్‌కి టైప్ చేసినవాటిలాగే ఉన్నాయి. చివరి పేజీలు రాత్రి పూట చదవకండి. నేను చదివాను, లైట్ వేసుకుని పడుకున్నా.

ఇది అందరికీ నచ్చే నవల కాదు. స్త్రీ పాత్రల మీద శ్రద్ధ తక్కువ, కొన్నిచోట్ల ఉపన్యాసంలా సాగుతుంది. ఐనా మూడో ఆఫర్ వచ్చినప్పుడు, అదీ తక్కువ జీతమే, ఒప్పేసుకున్నా. నవల వల్లే అంటే అతిగా ఉంటుంది. గుట్ట కూడా దాదాపు కరిగిపోయింది. కానీ 'నా స్థాయి' అనే మాట నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ సీతారామారావు ముఖం కనపడేది.

చేరడానికి మూడు వారాల టైముంది. ఆ మూడు వారాల్లో చదివిందే 'కొండపొలం'.

రూమ్మేట్‌ది ప్రొద్దుటూరు. పుస్తకం వాడిదే. కరువొచ్చి ఊళ్ళో మేత, నీళ్ళు లేనప్పుడు గొర్రెల్ని తోలుకుని నల్లమల అడవిలోకి వెళ్ళి కొన్ని వారాలు అక్కడే మేపుకుని రావడాన్ని అక్కడ కొండపొలం అంటారట. తానా నవలల పోటీలో బహుమతి వచ్చిన నవల. నాలాంటి తెలంగాణవాడికి ఆ కడప యాస మొదటి ఇరవై పేజీలు గరుకుగా తగులుతుంది. ప్రతి పేజీకీ వాణ్ణి లేపి అర్థాలు అడిగేవాణ్ణి. ముప్ఫయ్యో పేజీ తర్వాత అడగడం మర్చిపోయా.

కథలో రవి పిరికివాడు. చదువుంది, నోరు పెగలదు. ఇంటర్వ్యూలో కూర్చుంటే చెమటలు. అలాంటివాడు తండ్రి వెంట, పెద్ద కాపరుల వెంట అడవికి వెళ్తాడు. అక్కడ వాడి డిగ్రీకి విలువ లేదు. నీళ్ళు ఎక్కడుంటాయి, మంద ఎందుకు బెదిరింది, రాత్రి ఎటు నుంచి ప్రమాదం రావచ్చు, ఇవన్నీ తెలిసినవాళ్ళు బడికి వెళ్ళని మనుషులు. పులి భయం మొదటి నుంచీ వెన్నంటే ఉంటుంది. ఆ భయాన్ని రవి ఒకేసారి జయించడు. రోజుకి కొంచెం, గొర్రె గొర్రెకీ కొంచెం. నా భాషలో చెప్పాలంటే అది క్రాష్ కోర్స్ కాదు, ప్రొడక్షన్ సపోర్ట్.

నాకు గట్టిగా తగిలింది ఇక్కడే. 'బర్లు కాసుకుంటవ్' అనే తిట్టులో ఒక అబద్ధం దాగుంది. కాయడం అంటే చదువురాని పని, ఎవడైనా చేసే పని అని. ఈ నవల చదివాక నాకు తెలిసిందేంటంటే, నన్ను ఒక మందతో నల్లమలలో వదిలితే ఒక్కరోజులో సగం గొర్రెల్ని పోగొట్టుకుంటా. ఆ మిగతా సగం నన్ను పోగొట్టుకుంటాయి. రచయిత కాపరుల్ని దేవుళ్ళని చెయ్యడు. వాళ్ళ పేదరికాన్ని అందంగా చూపించడు. వాళ్ళకి పని తెలుసు అంటాడు, అంతే. ఆ పని తెలిసినవాళ్ళ మధ్య ఉండి రవి మనిషవుతాడు.

2021లో క్రిష్ దీన్ని సినిమాగా తీశారు. వైష్ణవ్ తేజ్ హీరో. కీరవాణి సంగీతం బాగుంటుంది, అడవి బాగుంటుంది. నవలలో లేని ఓబులమ్మ పాత్ర సినిమా కోసం వచ్చింది, రకుల్ చేసింది. ప్రేమకథ పెడితే తప్పని నేననను. కానీ పుస్తకంలో ఉన్న నిదానం సినిమాలో ఉండదు. రెండున్నర గంటల్లో రోజుకి కొంచెం ధైర్యం చూపించడం కుదరదు కదా. సినిమా చూసేశాం కదా అని నవల వదిలేసినవాళ్ళు నిజంగా నష్టపోయినట్టే. ఆ అడవి ఇప్పుడు రెండు రాష్ట్రాల మధ్య ఉంది. అటువైపు నాగార్జునసాగర్ శ్రీశైలం, ఇటువైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు. శ్రీశైలం వెళ్ళే దారిలో బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో. చెట్లున్నాయి అనుకున్నా, అంతకుమించి ఏమీ చూడలేదు.

కొత్త ఆఫీసులో చేరి రెండు నెలలైంది. చిన్న కంపెనీ. అమ్మ కాల్ చేస్తే బనియన్ మీదే ఎత్తుతున్నా, "షర్ట్ ఏస్కోరాదురా" అని తిడుతోంది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు 'కొండపొలం' బాపు చేతిలో పెట్టా. రూమ్మేట్‌కి ఇంకా చెప్పలేదు వాడి పుస్తకం జగిత్యాల వెళ్ళిందని. రెండు రోజులు ముట్టలేదు. "గొర్ల గురించి నాకు పుస్తకం ఎందుకురా, మా తాతకు నలభై ఉండె" అన్నాడు. మొన్న ఆదివారం ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది, పొద్దున్నుంచీ అదే పట్టుకుని కూర్చున్నాడట. ఇమ్మన్నా.

"బాపూ, ఎట్లుంది?"

"నీళ్ళు దొరుకుతలేవురా. మంద మొత్తం దూపతోని ఉన్నది. మల్ల మాట్లాడ్త ఆగు" అని పెట్టేశాడు.